పండుటాకుల క్లోజప్‌లు: ఎర్రాకు రంగు ముద్దలా ఎందుకొస్తోంది?

చిగురు77
నమస్తే అండీ. మూడు వారాలుగా పొద్దున్నే లేచి పండుటాకుల వెంట పడుతున్నాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 100 ఎంఎం మాక్రో లెన్స్. కంటికి కనిపించినదాంట్లో సగం కూడా ఫొటోలోకి రావడం లేదు. మేపుల్ ఆకు నడిమి ఈనె పదునుగా వస్తే అంచులు మసక, అంచు మీద ఫోకస్ పెడితే నడుము మసక. ఇక బాగా ఎర్రబడిన ఆకైతే ఈనెలూ లేవు, మచ్చలూ లేవు, రంగు డబ్బా ఒలికినట్టుంది. చేత్తో పట్టుకునే తీస్తున్నాను, లెన్స్ కన్నం ఎఫ్/2.8, షట్టర్ 1/60 సెకను. లెన్స్ మార్చాలా?

ఒక్క ఈనె
లెన్స్‌ని ఏమీ అనకండి. ఆకు ఎంత ఉందో సెన్సార్ మీద అంతే పడేటంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్తే, ఎఫ్/8లో కూడా పదునుగా ఉండే మందం సుమారు 1 మిల్లీమీటరు. ఎఫ్/2.8లో అందులో మూడో వంతు. పండుటాకేమో బల్లపరుపుగా ఉండదు, ఎండేకొద్దీ దొన్నెలా ముడుచుకుంటుంది. మీరు ఊపిరి వదిలేలోపే ఆ మిల్లీమీటరు దాటిపోతుంది.

ముందు ట్రైపాడ్ వేసి, ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టండి, ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ కన్నం చిన్నదై ఆ మందం పెరుగుతుంది. తర్వాత పక్కకి జరిగి, కెమెరా వీపూ ఆకూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. నేను రెండేళ్లపాటు వ్యూఫైండర్‌లోంచి మాత్రమే చూశాను, పక్కనుంచి చూడాలని తట్టలేదు. చూసిన రోజున తెలిసింది, ఆకు ఒక దిక్కు, నా కెమెరా ఒక దిక్కు. మొత్తం ఆకు పదునుగా రావాలన్న పట్టు కూడా కాస్త వదలండి. ఒక్క ఈనె, దాని కొమ్మలు చాలు.

గాలివాటం
పైవారు చెప్పింది నిజమే కానీ గాలిని మరిచిపోయారు. ట్రైపాడ్ కెమెరాని ఆపుతుంది, ఆకుని ఆపదు కదా! ఎఫ్/11కి మూసేసరికి షట్టర్ నెమ్మదిస్తుంది, చిన్న గాలి తగిలినా అంతా చెరిగిపోతుంది. 1/250 కంటే తగ్గకుండా చూసుకుని, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 800 అయినా 1600 అయినా పెంచేయండి. దాంతో వచ్చే గ్రెయిన్‌ని, అంటే చుక్కల్ని, తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఆకుని ఎవరూ బాగుచేయలేరు. కొమ్మకి బట్టల క్లిప్పు పెట్టి, ఆ క్లిప్పుని ఓ పుల్లకి కట్టండి. చూడ్డానికి నవ్వొస్తుంది, పని మాత్రం జరుగుతుంది.

చిగురు77
క్లిప్పు సంగతి బాగుంది. ఎఫ్/22 దాకా మూసేస్తే ఫోకస్ గొడవే ఉండదుగా?

ఒక్క ఈనె
అక్కడ ఇంకో తంటా ఉంది. కన్నం మరీ చిన్నదైతే కాంతి వంగి చెదురుతుంది, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. 1:1లో మీరు పెట్టిన ఎఫ్ సంఖ్య దాదాపు రెట్టింపుగా పనిచేస్తుంది, అంటే ఎఫ్/16 పెడితే ఎఫ్/32 పెట్టినట్టే. గాలి లేని రోజైతే ఎఫ్/8లోనే ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ పది పన్నెండు ఫొటోలు తీసి కలపండి, ఫోకస్ స్టాకింగ్ అంటారు. గాలి ఉన్న రోజున మాత్రం దాని జోలికి వెళ్లకండి, ఒక్కో ఈనె మూడుగా వస్తుంది.

మబ్బురోజు
ఎరుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చిగురు77 గారూ, మీ కెమెరాలో మామూలు హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) కాకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించేది ఉంటుంది, అది తెరవండి. మామూలు దాంట్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఎరుపు గీత మాత్రం కుడిగోడకి అంటుకుపోయి ఉంటుంది. అక్కడ ఎరుపు నిండిపోయింది కాబట్టే ఈనెకీ ఆకుకీ తేడా మాయమైంది. ఎక్స్‌పోజర్ −0.7 లేదా −1 తగ్గించండి. 'వివిడ్' మోడ్ ఉంటే తీసేయండి, రా (RAW) ఫైల్, అంటే కెమెరా దిద్దని ఫైల్, తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆకుల వెచ్చదనాన్ని తప్పనుకుని దిద్దేస్తుంది, డేలైట్‌లో పెట్టండి.

పసుపు ఆకుకి ఇదే సూత్రం వాడకండి. లేతపసుపు ఫ్రేమ్ అంతా నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగు చేయాలని చూస్తుంది, అక్కడ +0.7 పెంచాలి.

ఫోన్‌తోనే
మా దగ్గర పెద్ద కెమెరాలు లేవు బాబూ, మాకూ ఏమన్నా చెప్పండి!

మబ్బురోజు
ఫోన్‌ని ఆకుకి ఆనించినంత దగ్గరికి తీసుకెళ్లకండి. చాలా ఫోన్లు మరీ దగ్గరికెళ్తే చెప్పకుండా వైడ్ లెన్స్‌కి మారిపోతాయి, దాంతో వెనకాల చెత్తంతా ఫ్రేమ్‌లోకి వస్తుంది. కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. ఈనె మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొద్దిగా కిందికి లాగండి.

గాలివాటం
పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టి తిప్పే, మెరుపు తగ్గించే ఫిల్టర్) కూడా చెప్పాలి. ఆకు మీద మైనం పొర ఉంటుంది, మబ్బు రోజున ఆకాశం తెల్లగా దాని మీద మెరుస్తుంది. ఫిల్టర్ తిప్పితే ఆ తెలుపు పోయి కింద దాగిన రంగు బయటపడుతుంది. ఒకటి రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అదీ లెక్కలో పెట్టుకోండి.

ఒక్క ఈనె
పూర్తిగా తిప్పితే ఆకు గుడ్డముక్కలా ఉంటుంది అని నా అభిప్రాయం. తడి ఆకుకి కాస్త మెరుపు ఉండాలి.

చిగురు77
నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. 64 తీస్తే 3 మిగిలాయి, ఇంతకుముందు ఆ మూడూ లేవు. పోలరైజర్ పూర్తిగా తిప్పిన ఫొటోలు నిజంగానే గుడ్డముక్కలు, ఈసారికి ఒప్పుకుంటున్నాను. బట్టల క్లిప్పు ఒకసారి జారి కొమ్మ నా ముఖానికి కొట్టింది, అది వేరే కథ.

నచ్చినదాని గురించి చెప్తాను. సూర్యుణ్ని ఆకు వెనక ఉంచి, ముందుకు తెల్లకాగితం పట్టాను. వెలుగు ఆకులోంచి వచ్చేసరికి ఈనెల మధ్య గదులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఒకచోట పురుగు ఆకు లోపలే సొరంగం తొలుచుకుంటూ పోయింది. ఆకంతా పసుపైపోయినా ఆ సొరంగం చుట్టూ మాత్రం పచ్చగా ఉంది. అది ఎడిటింగ్ తప్పనుకుని చెరిపేయబోయాను.

మబ్బురోజు
చెరపకండి! కొన్ని జాతుల పురుగులు తమ చుట్టూ ఉన్న ఆకుని పచ్చగానే ఉంచుకుంటాయి, అది నిజమైన పచ్చ. ఇంకోటి కూడా వెతకండి. ఎర్రాకు మీద మరో ఆకు నీడ పడినచోట ఎరుపు రాదు, పసుపు అచ్చు మిగిలిపోతుంది. పసుపు ముందునుంచీ ఆకులో ఉన్నదే, పచ్చదనం పోగానే బయటపడుతుంది. ఎరుపు చాలా చెట్లలో అప్పుడే కొత్తగా తయారవుతుంది, దానికి ఎండ కావాలి.

చిగురు77
అచ్చు ఉన్న ఆకు ఒకటి నిన్న కాలి కిందే కనిపించింది, మచ్చ అనుకుని వదిలేశాను. రేపు పొద్దున్న మళ్లీ అక్కడికే పోతున్నా, ఈలోగా గాలి ఎగరేసుకుపోకపోతే.