తిమెఓ దనఓస్: ఒక్క పాదంలో ఎన్ని క్విజ్ ప్రశ్నలు?

ప్రశ్న: అమెరికాలో హైస్కూల్ పిల్లలకు లాటిన్ చెబుతున్నాను. ఈసారి కెర్తామెన్‌కి వెళ్తామని ఒకటే గొడవ. విడిగా కోచింగ్ పెట్టే టైం లేదు. క్లాసులో ఇప్పుడు రోమన్ కవి వర్జిల్ "తిమెఓ దనఓస్ ఎత్ దోన ఫెరెన్తీస్" ("కానుకలు తెచ్చినా సరే, గ్రీకులంటే నాకు భయమే") దగ్గరున్నాం. పాఠంతోపాటే క్విజ్‌కీ తయారుచేసే దారి ఉందా అండీ?

జవాబు: ఈ ఒక్క పాదంతోనే వారమంతా ఆడించొచ్చండీ.

తెలియనివారి కోసం: కెర్తామెన్ అంటే జూనియర్ క్లాసికల్ లీగ్ (లాటిన్, గ్రీకు చదివే స్కూలు పిల్లల సంఘం) నడిపే బజర్ క్విజ్. జట్టుకు నలుగురు. టాసప్‌కి, అంటే ఎవరు ముందు బజర్ నొక్కితే వాళ్లు చెప్పే ప్రశ్నకి, 10 పాయింట్లు, అప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అది కొట్టిన జట్టుకు 5 పాయింట్ల బోనస్‌లు రెండు, వాటికి చర్చించుకోవచ్చు. వ్యాకరణం, వ్యుత్పత్తి, పురాణం, చరిత్ర కలగాపులగంగా వస్తాయి. అందుకే సబ్జెక్టుకో లిస్టు ఇచ్చి బట్టీ పట్టించడం నాకు నచ్చదు. వరస తప్పించి అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తారు.

ముందు ఫెరెన్తీస్ దగ్గర ఆగండి. కొన్ని ముద్రణల్లో ఫెరెన్తేస్ అని ఉంటుంది. తీస్ కనబడగానే సగం క్లాసు షష్ఠీ ఏకవచనం అంటుంది. కాదు, ద్వితీయా బహువచనమే, అందుకే చివర దీర్ఘం. అది దనఓస్‌కి (గ్రీకులకి) విశేషణం, దోన (కానుకలు) దానికి కర్మ. ఎత్‌కి ఇక్కడ "సైతం" అని అర్థం. "గ్రీకులకూ కానుకలకూ భయపడుతున్నాను" అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు!

తర్వాత ఫెరెన్తీస్‌కి మూలమైన క్రియ, "మోయు, తెచ్చు" అని అర్థం. దాని నాలుగు ముఖ్య రూపాలు: ఫెరో, ఫెర్రె, తులి, లాతుస్. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ రెండూ దీని పిల్లలే. వ్యుత్పత్తి ప్రశ్నలు ఇలాంటి క్రియల చుట్టూ బాగా తిరుగుతాయి.

ఇక కథ. ఈ మాట అన్నది ట్రాయ్ పూజారి లాఓకోఓన్, వర్జిల్ కావ్యం ఈనియిడ్ 2వ సర్గ, 49వ పాదం. గ్రీకులు ట్రాయ్ బయట వదిలిన చెక్కగుర్రం మీదికి ఈటె విసిరిందీ అతనే. అతన్ని చంపిన పాములు తెనెదోస్ దీవి వైపు నుంచి వచ్చాయి. దనఓస్ అన్న పేరు పట్టుకుంటే దనాఉస్ రాజు, మొదటిరాత్రే భర్తలను చంపిన అతని 50 మంది కూతుళ్లు, వాళ్లలో భర్తను చంపకుండా వదిలేసిన ఒక్క హిపర్మ్నెస్త్రా, ఇవన్నీ ప్రశ్నలే.

ఇంకొకరి జవాబు: ఫెరోకీ సంస్కృత "భరతి"కీ మూలం ఒకటే. ఫ్రాతెర్, భ్రాతా జంటలోనూ అదే ఫ, భ. క్విజ్‌లో అడగరేమో గానీ మనం వదలగలమా!

అడిగినవారు: బాగుంది. కానీ మావాళ్లకు జవాబు తెలిసీ చెయ్యి ఆడదు. ఒకటే టెన్షన్. బజర్లు కూడా లేవు.

జవాబు: బల్ల చరిస్తే చాలండీ. ప్రశ్న చదువుతూ ఒక్కో మాట దగ్గర ఆపి, "ఇప్పుడు నొక్కొచ్చా?" అని అడగండి. "ట్రాయ్ యుద్ధ కథల్లో ఏ పూజారి..." ఇక్కడ తొందరపడకూడదు, ఇలియడ్‌లో అపోలో పూజారి క్రిసెస్ కూడా ఉన్నాడు. "...చెక్కగుర్రం మీదికి" అనగానే నొక్కేయాలి. ముందే నొక్కి తప్పు చెబితే ఆ ప్రశ్న అవతలి జట్లకు పోతుంది.

ఇంకో పని, ప్రశ్నలు పిల్లల చేతే రాయించండి. జవాబు ఏ మాట దగ్గర బయటపడుతుందో రాసేవాడికి తెలిసిపోతుంది. పైగా అవతలి జట్టు ప్రశ్నలో తప్పు పట్టుకోవడానికైనా వ్యాకరణం తిరగేస్తారు.