షాలే అంటే ఇల్లేనా? లోజాన్‌లో కొత్తగా దిగాను

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి స్విట్జర్లాండ్ వచ్చి పది రోజులైంది. ఏగ్ల్ ఊరికి పైన, కొండ మీది లేజాన్‌లో ఒక ఇంటి ప్రకటన చూశాను, "షాలే" అని ఉంది. అద్దె అందుబాటులోనే ఉంది. అది ఉండే ఇల్లా, సెలవుల బంగళానా?

జెనీవా నుంచి: పది రోజులా! ముందు కమ్యూన్ (ఊరి పాలక) ఆఫీసుకు పరిగెత్తు తమ్ముడూ, 14 రోజుల్లోపు పేరు రాయించుకోవాలి. షాలే సంగతి తర్వాత. అది షాతో (కోట)కి చిన్న రూపం అనుకుంటా.

వెవే నుంచి: కాదు సార్. షాతో లాటిన్ కాస్తెల్లుమ్ సంతానం. షాలే ఈ కొండల మాట, లాటిన్ కంటే ముందటి "కల" నుంచి వచ్చిందంటారు. మన స్వప్నం కాదు, తలదాచుకునే చోటని అర్థం. వేసవిలో ఆవుల్ని పైకి తోలుకెళ్లి, అక్కడే చీజ్, వెన్న తీసే కాపరుల పాక అది. 1761లో రచయిత రూసో నవలతో పారిస్ దొరలకు మోజు పట్టింది. తర్వాత ఆ పారిస్‌లోనే వీధి మరుగుదొడ్లకూ ఆ పేరే పెట్టారు! chalet అని రాస్తారు; చివరి టీ పలకరు, ఏ మీద టోపీ గుర్తు (^) పెట్టరు.

మోంత్రూ నుంచి: అర్థం తెలిస్తే అద్దె తగ్గదుగా. మేం చెక్క ఇంట్లో మూడేళ్లున్నాం. దేవుడి పటాలకు నాలుగు మేకులు కొట్టాం, అంతే. ఖాళీ చేసే రోజు ఓనరు టార్చి పట్టుకుని గోడంతా తడిమాడు. ఒక్కో చిల్లుకీ లెక్క రాశాడు. పైగా ఆ చెక్కకి మూడేళ్ల ఇంగువ పోపు పట్టిందని, పాలిష్ మళ్లీ కొట్టించాలన్నాడు. డిపాజిట్ కోసం ఆర్నెల్లు ఉత్తరాలు రాశాం, సగమే వచ్చింది. మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, అది నీ పేరు మీదే బ్యాంకులో ఉండాలి. ఓనరు చేతికి ఇవ్వకు!

జెనీవా నుంచి: మేకులు కొట్టింది మీరే కదండీ.

మోంత్రూ నుంచి: దేవుణ్ణి నేల మీద పెట్టమంటారా?

వెవే నుంచి: మేకులొద్దు, అరలో పెట్టుకోండి. ఇంకోటి, వాలే రాష్ట్రంలో గుండ్రటి రాతి పలకల మీద నిలబెట్టిన చెక్క కట్టడాలు కనిపిస్తాయి. అవి షాలేలు కావు, రకార్‌లు, అంటే ధాన్యపు కొట్లు. ఎలుకలు ఎక్కకుండా ఆ రాళ్లు.

అడిగిన నేనే: అందరికీ థాంక్సండీ. అయితే లేజాన్‌లోది ఉండే ఇల్లేనా?

జెనీవా నుంచి: లోజాన్‌లో షాలేలెక్కడివి తమ్ముడూ?

వెవే నుంచి: లోజాన్ కాదు సార్, లేజాన్! ఏగ్ల్ నుంచి పళ్లచక్రాల రైలుంది. ఓనర్నే అడుగు, ఏడాదంతా ఇస్తాడా, సీజనుకేనా అని.