విఫలమైన జాబ్‌ను క్యూయే మళ్ళీ నడపాలా, మనిషి చూసేదాకా ఆపాలా?

రాత్రికాపలా:
మా జట్టులో తెగని వాదన ఇది. నా మట్టుకు, విఫలమైన ప్రతి జాబ్ (క్యూ అనే వరుసలో వేసి వెనక నడిపే పని) నేరుగా డెడ్ లెటర్ క్యూలోకి, అంటే మనిషి చూసేదాకా విఫలమైన జాబ్‌లు ఆగే వేరే క్యూలోకి వెళ్ళాలి. కిందటి నెల మా బిల్లింగ్ జాబ్ ఒక ఖాతాదారు దగ్గర రెండుసార్లు డబ్బు తీసుకుంది. మొదటిసారే చెల్లింపు జరిగిపోయింది, జవాబు మాత్రం ఆలస్యమైంది. వర్కర్ (క్యూలోంచి జాబ్ తీసి నడిపే ప్రోగ్రామ్) దాన్ని వైఫల్యంగా లెక్కించి మళ్ళీ నడిపింది. ఆ ఖాతాదారుతో మాట్లాడింది నేనే. ఇంకోసారి అలా మాట్లాడవలసి రాకూడదు.

క్యూవాది:
మీ బాధ న్యాయమైనదే, కానీ రీట్రై (మళ్ళీ నడపడం) తీసేసినా ఆ ప్రమాదం పోదు. అమెజాన్ వారి క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌లో సాధారణ క్యూ ఇచ్చే హామీ, సందేశాన్ని (జాబ్ క్యూలో ఉండే రూపం) ‘కనీసం ఒకసారి’ అందించడం వరకే. విజిబిలిటీ టైమౌట్, అంటే ఒక వర్కర్ తీసుకున్న సందేశం మిగతా వర్కర్లకు కనబడకుండా ఉండే సమయం, మార్చకపోతే 30 సెకన్లు. జాబ్ 45 సెకన్లు పట్టిందనుకోండి, మొదటి వర్కర్ ఇంకా పనిలో ఉండగానే అదే సందేశం రెండో వర్కర్ చేతికి వెళ్తుంది. ఇక్కడ ఏదీ విఫలం కాలేదు, రీట్రై ఊసే లేదు, అయినా డబ్బు రెండుసార్లు పోతుంది. అందుకే చెల్లింపుకు ఐడెంపొటెన్సీ కీ, అంటే అదే చెల్లింపు మళ్ళీ వచ్చిందని అవతలి సేవ పోల్చుకునే గుర్తు కావాలి. అది జాబ్‌ను క్యూలో వేసేటప్పుడే పుట్టాలి. వర్కర్ లోపల పుడితే ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వస్తుంది, అవతలి సేవ దాన్ని కొత్త చెల్లింపుగానే చూస్తుంది.

రాత్రికాపలా:
ఇప్పుడే కోడ్ తీసి చూశాను. మా కీ వర్కర్ లోపలే పుడుతోంది. ఆ తప్పు మాదే. అయినా సైడ్‌కిక్‌లో (రూబీలో జాబ్‌లు నడిపే సాధనం) లాగా డిఫాల్ట్‌గా 25 సార్లు, దాదాపు మూడు వారాలు ప్రయత్నించడం దేనికి? ఇన్‌పుటే తప్పయితే ఎన్నిసార్లు నడిపినా అదే లోపం వస్తుంది కదా?

లాగ్‌చదువరి:
లోపం ఇన్‌పుట్‌లో కాక మన కోడ్‌లో ఉంటే ఆ మూడు వారాలు పనికొస్తాయి. సవరణను డిప్లాయ్ చేశాక (నడిచే సర్వర్లలో పెట్టాక), ఆగి ఉన్న జాబ్‌లు వాటంతట అవే పూర్తవుతాయి. ఇన్‌పుట్ తప్పులను మాత్రం మొదటి ప్రయత్నంలోనే పక్కకు తీయాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. కానీ మనిషి చూస్తాడన్న నమ్మకం దగ్గరే నాకు భయం. ఎస్‌క్యూఎస్‌లో సందేశం మార్చకపోతే 4 రోజులు, ఎంత పెంచినా 14 రోజులే నిలుస్తుంది. సాధారణ క్యూలో ఆ గడువు సందేశం మొదట క్యూలో పడ్డ క్షణం నుంచి నడుస్తుంది, డెడ్ లెటర్ క్యూకు మారినప్పటి నుంచి కాదు. రెండు క్యూలకూ ఒకే గడువు పెట్టి అలారం పెట్టకపోతే, ఎవరూ చూడకముందే జాబ్ మాయమవుతుంది.

రాత్రికాపలా:
మా రెండు క్యూలకూ 4 రోజులే ఉంది. డెడ్ లెటర్ క్యూ గడువు ఈ రోజే 14కు పెంచి, అలారం పెడుతున్నాను. ఈమెయిల్ జాబ్‌లకు రీట్రై ఉంచుతాను. బిల్లింగ్‌కు మాత్రం, కీ సరిచేసి పరీక్షించేదాకా వద్దు.