'కాయంబు నాపాయమే': ఆ 'నా' దీర్ఘమేనా?

రోకర్ రోడ్డు:
రెండు రోజులుగా ఒక ముక్క నోట్లోంచి పోవడం లేదు. పోతన భాగవతంలో బలి శుక్రాచార్యుడితో అనేది: '…సతతమే? కాయంబు నాపాయమే?' పై పాదాలు సగం సగమే గుర్తున్నాయి. జిమ్మీ థోర్ప్ మీద చిన్న వ్యాసం రాస్తున్నా, పేరు కింద ఇది పెడదామని. ఇంగ్లండ్‌లో సండర్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపర్. 1913లో అక్కడి జారో అనే ఊళ్లో పుట్టాడు, పదిహేడేళ్లు నిండీ నిండకుండా క్లబ్బులో చేరాడు, ఇరవై రెండేళ్లకే పోయాడు. 1936 ఫిబ్రవరి 1, సొంత మైదానం రోకర్ పార్కులో చెల్సీతో మ్యాచ్. బంతి చేతికి చిక్కాక కూడా తల మీద, ఛాతీ మీద తన్నులు పడ్డాయి. అయినా చివరిదాకా నిలబడ్డాడు. 3-3. ఇంటికెళ్లి కూలబడ్డాడు, 5న ఆస్పత్రిలో ప్రాణం పోయింది. అప్పటికే షుగర్ ఉన్న మనిషి. ఇంతకీ 'నాపాయమే'నా, 'నపాయమే'నా?

ఛందోమిత్ర:
దీర్ఘమే. శార్దూలం కదండీ, చివర రెండు తగణాలు, ఒక గురువు: కాయంబు, నాపాయ, మే. 'న' పొట్టిదైతే గణం చెడుతుంది. న + అపాయం. చెడకుండా ఉండేదా ఈ ఒళ్లు, అని. ఇందులో చర్చకేముంది?

రాజంపేట రాఘవ:
ఉంది. నఞ్ సమాసమైతే, అంటే 'లేదు, కాదు' అనే అర్థంలో 'న' చేరితే, 'అనపాయం' కావాలి కదా స్వామీ. 'నాపాయం' ఎలా అయింది?

ఛందోమిత్ర:
నైకము, నాకము అనడం లేదా? అలాగే.

రాజంపేట రాఘవ:
మాకు చెప్పిన మాస్టారు 'కాయంబునన్ అపాయమే' అని విడగొట్టేవారు. అపాయం ఒంట్లోనే ఉందా, అని. థోర్ప్‌కి సరిగ్గా అతుకుతుంది. అతని చావు మీద జరిగిన విచారణలో జ్యూరీ చెప్పిందీ దాదాపు అదే: చావుకు కారణం షుగర్, దాన్ని తొందరపెట్టింది అవతలి జట్టు మొరటుతనం. రిఫరీలు ఇంకాస్త గట్టిగా ఉండాలని కూడా అన్నారు. తన్నిందెవరు, చంపిందేమిటి అని ఇప్పటికీ వాదించుకోవచ్చు.

ఛందోమిత్ర:
జ్యూరీకి ఛందస్సు రాదు, మీ మాస్టారికైనా వచ్చుండాలి. 'కాయంబున నపాయమే' అని ఒకసారి గణాలు కట్టి చూడండి. పోనీ సవర్ణదీర్ఘం అంటారా? తెలుగు విభక్తి మీద సవర్ణదీర్ఘమా!

ఓరుగల్లు పిల్ల:
మీరిద్దరూ చివరి పాదం పట్టుకుని వేలాడుతున్నారు. గోల్‌కీపర్‌కి కావాల్సింది దానికి పైన ఉంది. 'కరంబు క్రిందగుట, మీదై నా కరంబుంట మేల్గాదే?' లక్ష్మి కొప్పు మీద ఉండే విష్ణువు చెయ్యి కింద, దానమిచ్చే నా చెయ్యి పైన. పద్యమంతా చేతులే. ఆ రోజుల్లో కీపర్ చేతుల్లో బంతి ఉన్నా కాలు ఆడించవచ్చు, భుజంతో గుద్దవచ్చు. థోర్ప్ పోయాకే, బంతి కీపర్ చేతుల్లో ఉండగా కాలెత్తకూడదని నిబంధన పెట్టారు. ఇక 'రాజ్యము గీజ్యమున్' సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత పెద్ద సందర్భంలో 'గీజ్యము' అనగలిగినవాడు పోతన ఒక్కడే. మా బమ్మెర నోరు అది.

రాజంపేట రాఘవ:
బమ్మెర నోరా? పోతన మా ఒంటిమిట్టవాడు. ఒకసారి రండమ్మా, మాట్లాడుకుందాం.

ఓరుగల్లు పిల్ల:
ఇంటిపేరే బమ్మెర అయితే ఇంకా ఒంటిమిట్ట ఏంటండీ!

రోకర్ రోడ్డు:
అయ్యా, అమ్మా, నా ప్రశ్న… సరే, ఇంకో సంగతి. ఆ సీజన్లో సండర్లాండే లీగ్ గెలిచింది. థోర్ప్ పతకం అతని భార్య చేతికిచ్చారు. అదే ఏడాది అక్టోబరులో జారో నుంచి రెండొందల మంది పని కోసం లండన్‌కి నడిచారు. జారో పేరు చెబితే అందరికీ ఆ నడకే గుర్తు, ఈ కుర్రాడు కాదు. రోకర్ పార్కు కూడా లేదిప్పుడు, పడగొట్టి ఇళ్లు కట్టారు. అక్కడ ఒక సందు పేరు గోల్‌మౌత్ క్లోజ్. పొద్దున అటుగానే వెళ్తుంటా.

తాటాకు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఎవరికీ తట్టలేదా? 'నా పాయమే' అని విడగొట్టండి. పాయము అంటే ప్రాయానికి వికృతి. 'కాయంబు, నా పాయమే, సతతమే?' ఒళ్లూ నా వయసూ శాశ్వతమా, అని. పై పాదంలో 'నా కరంబు' ఉంది, కింద 'నా పాయము'. గణం చెడదు, నఞ్ గొడవ లేదు, ఇరవై రెండేళ్ల కుర్రాడికీ సరిపోతుంది.

ఛందోమిత్ర:
అన్వయం కోసం 'సతతమే'ని ముందు నుంచి వెనక్కి లాక్కొచ్చారు, అది సరే. బలికి ఆ వేళప్పుడు తన ప్రాయం గుర్తొచ్చిందంటారా? పోతన 'పాయము' ఇంకెక్కడైనా వాడాడా? ఒక్క ప్రయోగం చూపించండి.

తాటాకు:
చూపిస్తాను. పుస్తకం అటక మీద ఉంది, పండక్కి ఊరెళ్లాక.

రాజంపేట రాఘవ:
ఏ పండగో కూడా చెప్పండి, ఒంటిమిట్ట కల్యాణానికైతే నేనే వచ్చి నిచ్చెన పట్టుకుంటా.