రేడియేషన్ తరువాత గొంతుకు మళ్లీ బయాప్సీ: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. స్వరపేటిక క్యాన్సర్‌కు మా నాన్నగారికి రేడియేషన్, సిస్ప్లాటిన్ అనే కీమో మందు పూర్తయ్యాయి. 3 నెలల తరువాత తీసిన పెట్ స్కాన్‌లో అదే చోట మళ్లీ ఏదో కనిపించడంతో, అది మిగిలిన గడ్డా, రేడియేషన్ వల్ల వచ్చిన వాపా అన్నది తేల్చడానికి మత్తు ఇచ్చి ముక్క తీసి పరీక్షించాలని (బయాప్సీ) హైదరాబాదు డాక్టర్లు అంటున్నారు. రేడియేషన్ తగిలిన చోట పుండు త్వరగా మానదని, గొంతులోని మృదులాస్థి (మెత్తటి ఎముక) దెబ్బతినే అవకాశమూ ఉందని వారే చెప్పారు. ఆయన ఇప్పుడిప్పుడే మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం మింగుతున్నారు, అదీ ముద్ద ముద్దకూ దగ్గుతూ. (గుండె స్టెంటు కోసం వాడే, రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్ మందు సంగతి గుండె డాక్టరుగారినే అడుగుతాం.) ధైర్యం చెప్పేవారు ఊళ్లో చాలామందే ఉన్నారు గనుక, ఇలాంటి బయాప్సీ చేయించుకున్నవారు పుండు మానడానికి ఎంతకాలం పట్టిందో, మాట, మింగడం ఎంత మారాయో, కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీయడానికి మీ డాక్టర్లు ఒప్పుకున్నారో లేదో జరిగింది జరిగినట్టు తెలియజేయగలరు.