ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు పూర్తిగా మానేయాలా?

పెళ్లిగుర్రం_కర్నూలు:
ఊరేగింపులకు తిప్పే గుర్రం మాది. మెడ మీద కొవ్వు గట్టిపడింది, గట్టినేల మీద అడుగు వేయడానికి జంకుతోంది. డాక్టరు గారు చూసి ఇన్సులిన్ ఎక్కువుంది, లామినైటిస్ (గిట్ట లోపల వాపు) మొదలైంది, దాణా మార్చమన్నారు. మా నాన్నేమో "ఉలవలు లేకుండా గుర్రం ఎట్లా బతుకుతుంది?" అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

తాడిపత్రి_తాత:
మీ నాయన చెప్పిందే రైటు. జట్కాల కాలంలో రెండు పూటలా ఉలవలు ఉడకేసి పెట్టినాం. ఏ గుర్రానికీ ఈ ఇన్సులిన్ మాట వినలేదు.

వెట్_ప్రొద్దుటూరు:
పెద్దాయనా, మీ గుర్రం పొద్దస్తమానం బండి లాగింది, తిన్నది తిన్నట్టు ఖర్చయింది. ఈ పెళ్లి గుర్రం ఆషాఢమంతా కొట్టంలోనే కదా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, పని లేకపోయినా గుగ్గిళ్ళు ఆగవు. ఉలవల్లో ప్రొటీన్ మంచిదే, నేను కాదనను. కానీ దాదాపు మూడో వంతు పిండి పదార్థమే. ఇలాంటి గుర్రానికి మొత్తం మేతలో చక్కెర, పిండి పదార్థం కలిపి పొడి బరువులో 10 శాతం దాటకూడదంటారు. అందుకే ఉలవలు, మొక్కజొన్న, తవుడు అన్నీ ఆపాలి. పెళ్లివాళ్ళు ముద్దుగా నోటికందించే బెల్లం ముక్క కూడా.

ఆదోని_అశ్వం:
మా గుర్రానికీ మెడ అట్లే ఉంది. షుగర్ టెస్ట్ చేయిస్తే నార్మల్ వచ్చింది. అంటే జబ్బు లేనట్టే కదా సార్?

వెట్_ప్రొద్దుటూరు:
లేనట్టు కాదు. చాలా గుర్రాల్లో ఒళ్లు ఇన్సులిన్‌ని ఇంకా ఇంకా విడుదల చేసి షుగర్‌ని అదుపులో పెట్టేస్తుంది. గిట్టను చెడగొట్టేది ఆ ఎక్కువైన ఇన్సులినే. 2007లో ఆస్ట్రేలియాలో ఆరోగ్యమైన పోనీలకు (పొట్టి జాతి గుర్రాలకు) గ్లూకోజ్ పెరగకుండా చూస్తూ ఇన్సులిన్ ఎక్కించారు. అయినా లామినైటిస్ వచ్చింది. అందుకే ఇన్సులిన్ కొలిపించాలి.

ధర్మవరం_రైతు:
ఉలవలు వద్దు సరే. మా దిక్కు దొరికేది శనక్కాయ కట్టె, జొన్న చొప్ప, వరిగడ్డి. పచ్చగడ్డి వానలు పడితేనే. రెండ్రోజులు పస్తు పెడితే బరువు దిగదా అన్నా?

వెట్_ప్రొద్దుటూరు:
పస్తు మాత్రం పెట్టొద్దు. ఒంట్లో కొవ్వంతా కరిగి ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది, పోనీలకూ గాడిదలకూ అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎండుమేత రోజుకు గుర్రం బరువులో ఒకటిన్నర శాతం, అంటే 300 కిలోల గుర్రానికి నాలుగున్నర కిలోలు, నాలుగైదు సార్లుగా వేయండి. వేసే ముందు చన్నీళ్లలో గంటసేపు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. చక్కెర కొంత పోతుంది, పిండి పదార్థం అంతగా పోదు. మన ఎండలకు ఎక్కువసేపు నానితే మేత పులుస్తుంది, అందుకే ఏ పూటకాపూటే నీడలో నానబెట్టుకోవాలి. ఖనిజాలూ నీళ్లలో పోతాయి, మినరల్ మిక్చర్ తప్పనిసరి. కాడ నమిలితే తియ్యగా ఉండే జొన్న చొప్ప వద్దు. వరిగడ్డి ఒక్కటే వేస్తే బలం చాలదు, కడుపు కట్టేసే ప్రమాదమూ ఉంది. శనక్కాయ కట్టెకు బూజు కనిపిస్తే వేయొద్దు. ఇంకొకటి, వాన లేక వాడిన గడ్డిలో చక్కెర ఉండదనుకోకండి. ఎదుగుదల ఆగిన గడ్డిలో అది నిలవ ఉండిపోతుంది.

తాడిపత్రి_తాత:
ఇన్ని చెప్పినావు గానీ నడక మాట ఎత్తలేదు. నడిపించకపోతే ఏ గడ్డైనా ఒంటికి పట్టేదే.

వెట్_ప్రొద్దుటూరు:
అది మీరన్నదే నిజం పెద్దాయనా. కాకపోతే గిట్ట నొప్పి ఉన్నన్నాళ్లూ నడిపించకూడదు, మందంగా ఇసుక పరిచి నిలబెట్టాలి. తగ్గాక రోజూ నడక.

పెళ్లిగుర్రం_కర్నూలు:
ఇదంతా నాన్నకు చదివి వినిపించినా. ఉలవలు ఆపుతాడంట. కానీ పొద్దున బుట్టలో ఏదో ఒకటి వేయకపోతే గుర్రం మొహం తిప్పుకుంటుందంటున్నాడు. నానబెట్టిన గడ్డి గుప్పెడు, అందులో మినరల్ పొడి కలిపి పెట్టొచ్చా? శ్రావణంలో రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాం కూడా.

వెట్_ప్రొద్దుటూరు:
బుట్టలో అది పెట్టొచ్చు. పెళ్లిళ్ల సంగతి మీ డాక్టరు గిట్టలు మళ్లీ చూశాకే. ఈలోపు వేరే గుర్రాన్ని మాట్లాడి పెట్టుకోండి.