అగ్రోబ్యాక్టీరియంతో పుట్టగొడుగుల జన్యుమార్పిడి: పాత పేటెంట్లు ఇంకా అడ్డమేనా?

శిలీంధ్రం_7 (ప్రశ్న)

బటన్ పుట్టగొడుగులో, అంటే అగారికస్ బైస్పోరస్‌లో, ఒక ఎంజైము జన్యువు పెట్టి, ఆ ఎంజైమును తీసి అమ్మే ఆలోచనతో ప్రాజెక్టు మొదలవుతోంది. జన్యువును లోపలికి పంపడానికి అగ్రోబ్యాక్టీరియం (తన డీఎన్‌ఏ ముక్కను వేరే జీవిలోకి పంపగల మట్టి బ్యాక్టీరియా), ఎంపికకు హైగ్రోమైసిన్ (జన్యువు అందని కణాలను చంపే యాంటీబయాటిక్). గొడుగు అడుగున రేకుల్లా ఉండే గిల్స్ ముక్కలతో చేద్దామనుకుంటున్నాం.

పేటెంట్లు వెతికితే యూనిలీవర్ వాళ్ల అమెరికా పేటెంటు 6,255,115 ఎదురైంది. శీర్షికలో ఆస్పర్జిల్లస్ అని ప్రత్యేకంగా రాసినా, మొదటి క్లెయిములో (హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో) బూజులన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. అది ఇంకా అమల్లో ఉందా? పుట్టగొడుగు కూడా వాళ్ల "మౌల్డ్" (బూజు) కిందికి వస్తుందా? పరిశోధన దశలో ఉన్నంతవరకు ఎవరూ అడగరని కొందరు అంటున్నారు, అది నిజమేనా?

క్లెయిము_పాఠకుడు

6,255,115 దరఖాస్తు 1998లో వేశారు, 2001 జులైలో మంజూరైంది. 1995 జూన్ 8 నుంచి వేసిన అమెరికా దరఖాస్తులకు గడువు దాఖలైన తేదీ నుంచి 20 ఏళ్లు. 2018 దాటాక అది ఎవరినీ ఆపలేదు. మధ్యలో మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ల దగ్గర కట్టాల్సిన రుసుములు కట్టకపోతే ఇంకా ముందే పోతుంది. ఏ పేటెంటు విషయంలోనైనా ఆ రుసుముల రికార్డు చూశాకే "బతికుంది" అనాలి.

పుట్టగొడుగు మౌల్డ్ అవుతుందా అంటే, అవుతుందనుకునే చదవాలి. క్లెయిములో వాడిన మాటను ఆ పేటెంటు వివరణ వెలుగులో, ఆ రంగం తెలిసినవాళ్లు అర్థం చేసుకునే తీరులో చదవాలి. పైగా లైడెన్ బృందం 1998లో ప్రచురించిన వ్యాసంలో ఆస్పర్జిల్లస్, ట్రైకోడెర్మా, న్యూరోస్పోరాలతోపాటు అగారికస్ బైస్పోరస్ కూడా ఉంది. అదే బృందం అంతకుముందు 1995లో ఈస్టులో ఇది సాధ్యమని చూపించింది. గడువు తీరకపోయి ఉంటే మీ పని తిన్నగా ఆ క్లెయిములో పడేది.

క్లెయిమును ముక్కలు చేసి చదవడం అలవాటు చేసుకోండి. దీంట్లో మెట్లు ఇవి: టీ-డీఎన్‌ఏ (బ్యాక్టీరియా బదిలీ చేసే డీఎన్‌ఏ ముక్క) అంచుల మధ్య జన్యువును పెట్టడం, ఆ వెక్టర్‌ను (జన్యువును మోసే డీఎన్‌ఏను) విర్ జన్యువులున్న, అంటే ఆ బదిలీని నడిపే జన్యువులున్న అగ్రోబ్యాక్టీరియంలోకి పంపడం, విర్ జన్యువులను ప్రేరేపించే పదార్థం కలపడం, బ్యాక్టీరియాను బూజుతో కలిపి ఉంచడం, మారిన బూజును ఎంచుకోవడం. ఒక్క మెట్టు మీ పనిలో లేకపోయినా అక్షరాలా ఉల్లంఘన కాదు. అయితే అమెరికాలో సమానార్థక సిద్ధాంతం ఒకటుంది: అదే పనిని అదే తీరులో చేసి అదే ఫలితం తెచ్చే ప్రత్యామ్నాయం వాడినా పట్టుకోవచ్చు.

మీరు అసలు చూడాల్సింది గిల్స్ పద్ధతి పేటెంటు. అది పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానిది, 2000లో వచ్చిన వాళ్ల వ్యాసానికి జోడు. ఇక్కడ 20 ఏళ్ల లెక్క ఒక్కటే వేసుకుని ఊరుకోవద్దు. 2000 మే 29 నుంచి వేసిన దరఖాస్తులకు, పేటెంటు కార్యాలయం చేసిన ఆలస్యానికి పరిహారంగా గడువు సర్దుబాటు వస్తుంది. ఎన్ని రోజులో పేటెంటు మొదటి పేజీలోనే అచ్చువేస్తారు. ఆ కుటుంబంలో కొనసాగింపు పేటెంట్లు ఎన్ని ఉంటే అన్నిటికీ ఆ పేజీ తెరిచి చూడండి.

"పరిశోధనే కదా" అన్న మాట అమెరికాలో నిలవదు. 2002లో మేడీ వర్సెస్ డ్యూక్ తీర్పు, విశ్వవిద్యాలయం తన సహజమైన పనిలో భాగంగా వాడినా మినహాయింపు లేదంది. యూరప్ దేశాల్లో ప్రయోగ మినహాయింపు కొంత విశాలం. మీరు ఎంజైము అమ్ముతారు కాబట్టి ఇంకో లంకె ఉంది: పద్ధతి పేటెంటు ఆ పద్ధతితో నేరుగా వచ్చిన వస్తువుకూ వర్తిస్తుంది. పేటెంటు లేని దేశంలో తయారుచేసి, ఉన్న దేశంలోకి దిగుమతి చేస్తే తప్పించుకున్నట్టు కాదు.

పెట్రీడిష్

క్లెయిములో "ప్రేరేపించే పదార్థం" అన్నది చూసి కొందరు అసిటోసిరింగోన్ (విర్ జన్యువులను మేల్కొలిపే ఫినాలిక్ పదార్థం) మానేస్తే సరిపోతుందనుకుంటారు. శిలీంధ్రాలు గాయపడ్డ మొక్కల్లా ఆ ఫినాలిక్ పదార్థాలు విడుదల చేయవు. అది లేకుండా చాలా జాతుల్లో ఒక్క కాలనీ కూడా రాదు. అందుకే అది లేని ప్లేటును నెగటివ్ కంట్రోల్‌గా వాడతాం.

మొదలుపెట్టడానికి కొలతలు ఇస్తున్నా. అసిటోసిరింగోన్‌ను డీఎంఎస్ఓలో 200 మిల్లీమోలార్ స్టాకుగా చేసి, వెలుతురు తగలకుండా మైనస్ 20లో ఉంచండి. లీటరుకు 1 మిల్లీలీటరు కలిపితే 200 మైక్రోమోలార్ అవుతుంది. ప్రేరణ మాధ్యమంలో గ్లూకోజ్ 10 మిల్లీమోలార్, గ్లిసరాల్ అర శాతం, ఎంఈఎస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్) 40 మిల్లీమోలార్, పీహెచ్ 5.3. పీహెచ్ 6 దగ్గరికి జరిగితే విర్ జన్యువులు సరిగా మేలుకోవు. రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియాను ఈ మాధ్యమంలో ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) 0.15కు పలుచన చేసి, 28 డిగ్రీల్లో ఐదారు గంటలు 0.5–0.6 వచ్చేదాకా ఊపండి.

గొడుగు కింది పొర ఇంకా విచ్చుకోని పుట్టగొడుగు తీసుకోవాలి. పొర మూసి ఉన్నంతకాలం లోపలి గిల్స్ శుభ్రంగా ఉంటాయి, విచ్చుకుంటే బయటి సూక్ష్మజీవులు చేరతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు కోసి, బ్యాక్టీరియా ద్రవంలో వేసి వాక్యూమ్ పెడితే గాలి బుడగలు పైకొస్తాయి, వదలగానే ద్రవం లోపలికి దిగుతుంది. తర్వాత ప్రేరణ అగర్ మీద 22 నుంచి 25 డిగ్రీల్లో మూడు రోజులు. ఇంక్యుబేటర్ 29 దాటిందంటే జన్యుబదిలీ యంత్రాంగం కూలిపోతుంది. బ్యాక్టీరియా మాత్రం హాయిగా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి పొరపాటు కంటికి కనబడదు.

ఎంపిక ప్లేటులో హైగ్రోమైసిన్ మిల్లీలీటరుకు 30 నుంచి 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మీ స్ట్రెయిన్‌ను ఎంత మోతాదు చంపుతుందో ముందే చూసుకోండి. బ్యాక్టీరియాను చంపడానికి సెఫోటాక్సిమ్ మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు, ప్రతి సబ్‌కల్చర్‌లోనూ. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు: చావకుండా మిగిలిన అగ్రోబ్యాక్టీరియంలోనూ మీ జన్యువు ఉంటుంది కాబట్టి పీసీఆర్ బ్యాండ్ ఇస్తుంది. టీ-డీఎన్‌ఏ బయట ఉండే విర్ జన్యువుకు ఇంకో ప్రైమర్ జత పెట్టండి. అది కూడా వెలిగితే మీ చేతిలో ఉన్నది కలుషితమైన మైసీలియం (శిలీంధ్రపు పోగులు).

35ఎస్ ప్రమోటర్ (జన్యువును నడిపే స్విచ్చు లాంటి డీఎన్‌ఏ) మీద ఆశ పెట్టుకోవద్దు, అది మొక్కల కోసం. పెన్ స్టేట్ పద్ధతికి బలం పుట్టగొడుగు సొంత జీపీడీ ప్రమోటరే. బయటి జన్యువుకు ఇంట్రాన్ (ప్రోటీను తయారీకి ముందు కత్తిరించేసే ముక్క) చేర్చకపోతే బెసిడియోమైసీట్లలో (పుట్టగొడుగులుండే శిలీంధ్రాల తెగలో) ప్రోటీను రాకపోవచ్చు, జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీను)తో ఇది స్పష్టంగా తెలిసిన సంగతి. ఇంకొకటి, వాణిజ్య స్ట్రెయిన్ల కణాల్లో రెండు రకాల కేంద్రకాలుంటాయి. టీ-డీఎన్‌ఏ ఒక దాంట్లోనే కూర్చుంటుంది, ఎంపిక ఒత్తిడి తీసేస్తే మారని కేంద్రకాలు మళ్లీ పైచేయి సాధిస్తాయి.

శిలీంధ్రం_7

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండు సందేహాలు మిగిలాయి. అగ్రోబ్యాక్టీరియం బదులు వేరే బ్యాక్టీరియా వాడే దారి ఉందని విన్నాను, దానికి వెళ్లడం మంచిదా? వెక్టర్ ఇంకో ప్రయోగశాల నుంచి తెచ్చుకుంటే పేటెంటు సమస్య తీరినట్టేనా?

వెక్టర్_విచారణ

వేరే బ్యాక్టీరియా దారి ఉంది. 2005లో కాంబియా సంస్థ నేచర్ పత్రికలో సైనోరైజోబియం మెలిలోటి, మీసోరైజోబియం లోటి, రైజోబియం ఎన్‌జీఆర్234లకు నిరాయుధం చేసిన (వ్యాధి జన్యువులు తీసేసిన) టీఐ ప్లాస్మిడ్, అంటే అగ్రోబ్యాక్టీరియంలో జన్యుబదిలీ చేసే గుండ్రటి డీఎన్‌ఏ, ఇచ్చి మొక్కల్లోకి జన్యువులు పంపింది. అగ్రోబ్యాక్టీరియం పేటెంట్ల కంచెను చుట్టి వెళ్లడమే దాని ఉద్దేశం. అయితే చూపించింది పొగాకు, వరి, అరబిడాప్సిస్‌లలో. పుట్టగొడుగులో ఎంత సామర్థ్యం వస్తుందో మళ్లీ మొదటినుంచి తేల్చుకోవాలి. ఆ కంచెలో మూలస్తంభమే పడిపోయాక అంత శ్రమ ఎందుకు? నా మాట వింటే అగ్రోబ్యాక్టీరియంతోనే ఉండండి.

వెక్టర్ విషయంలో నా భయం పేటెంటు గురించి కాదు, కాగితం గురించి. ప్లాస్మిడ్ చేతులు మారినప్పుడు పదార్థ బదిలీ ఒప్పందం సంతకం అవుతుంది. ఆడ్‌జీన్ (ప్లాస్మిడ్లు పంచే సంస్థ) లాంటి చోట్ల నుంచి వచ్చేవాటికి సాధారణంగా బోధన, వాణిజ్యేతర పరిశోధన షరతు ఉంటుంది. పేటెంటుకు 20 ఏళ్లకు చావుంది, ఒప్పందానికి అలాంటి తేదీ ఉండకపోవచ్చు. అమ్మకమే లక్ష్యమైతే ప్రచురితమైన వరస చూసి ప్రమోటరు, హైగ్రోమైసిన్‌ను తట్టుకునే జన్యువు, టెర్మినేటరు (జన్యువు ముగింపు సంకేతం) కొత్తగా సింథసిస్ చేయించుకోండి. దాంతో ఒప్పందం గోడ పోతుంది. పేటెంటు గోడ ఉందో లేదో ఒక్కో ముక్కకూ విడిగా చూడాలి. బ్యాక్టీరియా స్ట్రెయిన్, వెక్టర్‌కు ఆధారమైన ప్లాస్మిడ్, పుట్టగొడుగు స్ట్రెయిన్ కూడా ఆ పట్టికలో చేర్చండి. నాలుగోది చాలామంది మరిచిపోతారు: స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) కొన్నప్పటి షరతులు.

జన్యువు పెట్టడంతో ఆగకుండా క్రిస్పర్ (జన్యువును కత్తిరించి మార్చే పద్ధతి) కూడా వాడితే అది ఇంకో పొర, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పేటెంట్లు వస్తాయి. 2016లో పెన్ స్టేట్‌లో పాలీఫినాల్ ఆక్సిడేజ్ జన్యువును దెబ్బతీసి నల్లబడటం తగ్గించిన పుట్టగొడుగు గురించి అమెరికా వ్యవసాయ శాఖ తమ నియంత్రణ అక్కర్లేదంది. దాన్ని పేటెంటు అనుమతిగా చదివేవాళ్లున్నారు. రెండింటికీ సంబంధం లేదు.

మీ సొంత స్ట్రెయిన్‌ను కాపాడుకోవాలంటే, అమెరికా మొక్కల రకాల రక్షణ చట్టం శిలీంధ్రాలను బయటే పెట్టింది కాబట్టి మామూలు పేటెంటు ఒక మార్గం. మాటల్లో పూర్తిగా వర్ణించలేని స్ట్రెయిన్‌ను బుడాపెస్ట్ ఒప్పందం కింద గుర్తింపున్న సేకరణ కేంద్రంలో జమచేయాలి. సదస్సులో పోస్టరు పెట్టకముందే దరఖాస్తు వేయండి. అమెరికా ఏడాది వెసులుబాటు ఇస్తుంది, యూరప్ ఇవ్వదు.

వెతుకులాటలో పేటెంట్ల వర్గీకరణ సంకేతాలు సరిగ్గా పట్టుకోండి. సీ12ఎన్ 15/8205 అగ్రోబ్యాక్టీరియందే అయినా మొక్కల కిందిది. శిలీంధ్రాల వెక్టర్లు 15/80లో, ఈస్టువి 15/81లో, అగ్రోబ్యాక్టీరియం వెక్టర్లు 15/743లో ఉంటాయి. ఎస్పాస్‌నెట్‌లో (పేటెంట్లు వెతికే సైటులో) ఈ నాలుగింటినీ విడివిడిగా నడపండి. బ్యాక్టీరియాకు రైజోబియం రేడియోబ్యాక్టర్ అనే మరో పేరు కూడా ఉంది, ఆ పేరుతోనూ వెతకండి. ఫలితాల్లో పెండింగ్ దరఖాస్తు కనబడితే వదిలేయకుండా ఆరు నెలలకోసారి తెరవండి, మంజూరయ్యేలోపు దాని క్లెయిములు మీ పని వైపు జరగవచ్చు.